ప్లాస్టిక్కును జీర్ణించుకొను సూక్ష్మజీవులు

మా కేంద్రమునకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో ఒక ప్రశ్న మఱల మఱల కనిపించుచున్నది. "ప్లాస్టిక్కును తినివేయు సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు కనుగొనిరని వింటిమి. అది నిజమేనా? నిజమైనచో మా వీధిలో పేరుకొన్న చెత్త ఎప్పటికి పోవును?" అని అడుగుచున్నారు. దీనికి నిజమే అని చెప్పవచ్చును. కాదు అనియు చెప్పవచ్చును. రెండు సమాధానములలోను కొంత కొంత సత్యము కలదు. ఏది ఎంతవఱకు సత్యమో తెలిసికొనుటయే నేటి మా ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా అందఱము ఎఱిగిన దృశ్యమొకటి తలచుకొందము. ఉదయము పది గంటల వేళ వీధి మలుపున చెత్తకుండీ వద్ద ఒక ఆవు నిలిచియుండును. ఎవరో రాత్రి మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కలను పలుచని ప్లాస్టిక్కు సంచిలో పోసి, మూతి ముడివేసి అక్కడ పాఱవైచి యుందురు. ఆవు ముడి విప్పలేదు గదా! అన్నపు వాసనకు సంచితో సహా మ్రింగివేయును. అన్నము అరిగిపోవును, సంచి నిలిచిపోవును. ఇట్లు నెలల తరబడి చేరిన సంచులు కడుపులో ముద్దగట్టి, మేతకు చోటు లేక పశువు నానాటికి చిక్కిపోవును. పశువైద్యులు శస్త్రచికిత్స చేసి ఒక్కొక్క ఆవు కడుపునుండి పదుల కిలోల ప్లాస్టిక్కును వెలికితీసిన సందర్భములు మన దేశమున అనేకములు కలవు.

ఇందులో ఒక వింత యున్నది. ఆవు గడ్డి తిని పాలిచ్చునని మనము చెప్పుకొందుము. నిజమునకు గడ్డిని అరిగించునది ఆవు కాదు. ఆవు కడుపులోని నాలుగు అరలలో మొదటిది అన్నిటికంటె పెద్దది. అది సూక్ష్మజీవులతో నిండిన కాగువంటిది. అందలి బాక్టీరియా మొదలైన జీవులు ఎండుగడ్డిని సైతము నానబెట్టి, పులియబెట్టి, విడగొట్టి ఆవునకు ఆహారముగా మార్చియిచ్చును. మనుష్యునికి సాధ్యము కాని పనిని ఆ కంటికి కనబడని జీవులు చేయుచున్నవి. అంతటి సమర్థులైన జీవులు, గడ్డిపోచకంటె పలుచనైన ప్లాస్టిక్కు సంచి యెదుట చేతులు ముడుచుకొని యేల కూర్చుండును? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినచో మన శ్రోతల ప్రశ్నకును సమాధానము దొరకినట్లే.

ప్లాస్టిక్కులన్నియు పాలిమర్లు. పాలిమర్ అనగా చిన్న చిన్న అణువులు ఒకదానితో నొకటి ముడిపడి ఏర్పడిన పొడవైన అణువు. దానిని మల్లెపూల దండతో పోల్చవచ్చును. పువ్వులవంటివి చిన్న అణువులు. పువ్వునకు పువ్వునకు నడుమనున్న ముడులవంటివి రసాయన బంధములు. ఒక్కొక్క దండలో వందలు, వేలు పువ్వులు కూర్చబడి యుండును.

ఇట్టి దండలను కూర్చుట ప్రకృతికి అనాదిగా తెలిసిన విద్యయే. బియ్యములోని పిండిపదార్థము చక్కెర అణువుల దండ. గడ్డిలోను, కట్టెలోను, ప్రత్తిలోను ఉండు సెల్యులోసు కూడ చక్కెర అణువుల దండయే; ముడి వేసిన తీరు మాత్రము వేఱు. పట్టును, ఉన్నియు మాంసకృత్తుల దండలు. ఇవన్నియు పాలిమర్లే అయినను, కాలక్రమమున కుళ్ళి మన్నులో కలిసిపోవుచున్నవి. కావున పాలిమర్ అయినంత మాత్రమున ఒక పదార్థము శాశ్వతమని భావింపరాదు.

ఆ కుళ్ళుట ఎట్లు జరుగునో మీ యింటనే పరీక్షించి చూడవచ్చును. ఉప్పు గాని కూర గాని కలుపని అన్నమును కొంచెము నోటనుంచుకొని, మ్రింగక రెండు మూడు నిమిషములు నమలుడు. క్రమముగా నాలుకకు తీపి తగులును. ఆ తీపి ఎక్కడనుండి వచ్చినది? లాలాజలములో నున్న ఎంజైము పిండిపదార్థపు దండను అక్కడక్కడ కోసి, తీయని చిన్న తునుకలుగా చేసినది. ఎంజైము అనగా ఒక విధమైన మాంసకృత్తు. దానిని కత్తెరగా భావింతము. అయితే ఇది అన్నిటిని కోయు కత్తెర కాదు. ఒక్కొక్క ఎంజైము తనకు తగిన ముడిని మాత్రమే కోయగలదు. అన్నపు దండను కోయు కత్తెరకు గడ్డి దండ లొంగదు. గడ్డి దండను కోయు కత్తెర మన శరీరములో లేదు. కనుకనే మనము గడ్డి తిని బ్రతుకలేము. ఆవు కడుపులోని సూక్ష్మజీవులవద్ద ఆ కత్తెర కలదు.

దీనినిబట్టి ఒక సూత్రము తేలుచున్నది. ఒక వస్తువు మన్నులో కలియునా కలియదా అనునది, దానిలోని ముడిని కోయగల ఎంజైము ఏ జీవివద్దనైన ఉన్నదా లేదా అనుదానిపై చాలవఱకు ఆధారపడి యున్నది. ఇక మానవుడు కూర్చిన దండల సంగతి చూతము.

మీ యింట తాతలనాటి రేడియో ఉన్నచో దాని పెట్టెను ఒకసారి తట్టి చూడుడు. ముదురు గోధుమరంగున, గట్టిగా, నున్నగా ఉండు ఆ పెట్టె బేకలైటుతో చేసినదై యుండవచ్చును. బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ అను రసాయనవేత్త 1907లో దానిని తయారుచేసెను. పూర్తిగా కృత్రిమమైన ప్లాస్టిక్కులలో అదియే మొదటిది. 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనువారు వేఱొక పరీక్ష చేయుచుండగా అనుకొనకుండ పాలిథీన్ ఏర్పడెను. 1935లో అమెరికాలో వాలేస్ కరోథర్స్ నైలానును తయారుచేసెను. 1941లో ఇంగ్లండులోనే విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు పాలి ఇథిలీన్ టెరెఫ్తలేటు అను పాలియెస్టరునకు పేటెంటు కోరిరి. ఆ పేరు పొడవైనది గనుక లోకము దానిని 'పెట్' అని పిలుచుచున్నది. ఒకప్పుడు మన పట్టణములలో పెండ్లికుమారులు ముచ్చటపడి కుట్టించుకొనిన టెరిలిన్ చొక్కా ఈ పదార్థమే. 1973లో నథానియెల్ వయెత్ అను అమెరికను దానితో చేసిన సీసాకు పేటెంటు పొందెను. నేడు మంచినీరు, చల్లని పానీయములు అమ్ముచున్న సీసాలు ఆ వంశమునకు చెందినవే.

ఈ పదార్థములు చవుకగా, తేలికగా, తడికి చెడక యుండుటచే లోకమంతట వ్యాపించెను. అమెరికా శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన లెక్క ప్రకారము 2015 నాటికి ప్రపంచమున తయారైన ప్లాస్టిక్కు మొత్తము సుమారు 830 కోట్ల టన్నులు. అందులో అప్పటికే చెత్తయైనది సుమారు 630 కోట్ల టన్నులు. ఆ చెత్తలో మఱల ఉపయోగమునకు తెచ్చినది నూటికి 9 వంతులు. కాల్చివేసినది 12 వంతులు. మిగిలిన 79 వంతులును చెత్తదిబ్బలలోనో, మన్నులోనో, నీటిలోనో చేరియున్నవి. బియ్యపు దండకు, గడ్డి దండకు కత్తెరలు ఉన్నవి గాని ఈ క్రొత్త దండలకు కత్తెరలు ప్రకృతిలో ఎక్కడనుండి వచ్చును? వీనిని చూచి సూక్ష్మజీవులకు ఇంకను నూఱేండ్ల పరిచయమైనను సరిగా లేదు.

అయినను అన్ని ప్లాస్టిక్కులును ఒక్కటి కావు. మన కథకు కీలకమైన భేద మిక్కడనే యున్నది. సంచులు చేయు పాలిథీన్ దండను పరిశీలించినచో, మొదటినుండి చివరివఱకు కర్బనమునకు కర్బనమే ముడిపడి యుండును. నడుమ వేఱొక ధాతువు లేదు. కత్తెర మొన దూరుటకు సందు లేదు. బకెట్లు, త్రాళ్ళు చేయు పాలిప్రొపిలీన్, తెల్లని బెండువలె నుండు పాలిస్టైరీన్ కూడ ఇట్టివే. పెట్ దండ అట్లు కాదు. దానిలో క్రమముగా కొంత దూరమునకు ఒకచోట ఆమ్లజని పరమాణువు నడుమ చేరిన ముడి యుండును. రసాయనవేత్తలు దీనిని ఎస్టరు బంధము అందురు. పాలియెస్టరు అనగా అనేకములైన ఎస్టరు ముడులు గలది అని అర్థము.

ఈ ఎస్టరు ముడి ప్రకృతికి క్రొత్త కాదు. మామిడాకును గాని తమలపాకును గాని చేతబట్టి చూడుడు. పైన సన్నని మెఱుగు పొర కనబడును. ఆకులోని తడి ఎండకు ఆరిపోకుండ, వానకు ఆకు నానిపోకుండ కాపాడునది ఆ పొరయే. అందులో మైనముతోబాటు క్యూటిన్ అను పదార్థము కలదు. ఆ క్యూటిన్ కూడ ఎస్టరు ముడులతో కూర్చబడిన పాలిమరే. అనగా ప్రకృతి తయారుచేసిన పాలియెస్టరు. రాలిన ఆకులను తిని బ్రతుకు బాక్టీరియా, బూజులు ఆ పొరను ఛేదించుటకు కోట్ల సంవత్సరములుగా తగిన కత్తెరలను సానబెట్టుకొనుచున్నవి. క్యూటినేసు లని వానికి పేరు. మానవుడు తెలియక ఆకు పొరకు దూరపు బంధువైన పదార్థముతో సీసాలు చేసెను. సీసాకు శత్రువు పుట్టుటకు ఆ బంధుత్వమే కారణమైనది.

ఇప్పుడు ఆవు కడుపునకు మఱల వత్తము. 2021లో ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో శాస్త్రజ్ఞులు కబేళానుండి ఆవు కడుపులోని ద్రవమును తెప్పించి, అందులో పెట్ మొదలైన మూడు పాలియెస్టర్లను పొడిగాను, పలుచని పొరగాను వేసి చూచిరి. మూడును కొంత కొంత విడిపోయెను. పొరకంటె పొడి త్వరగా విడిపోయెను. ఆవు తినునది ఆకులు అలములే గదా. ఆకు పొరను కోయు కత్తెరలు ఆ కాగులో ఉండుట సహజమే. కాని చెత్తకుండీ వద్ద ఆవు మ్రింగినది పాలియెస్టరు కాదు, పాలిథీను. దానిలో ఆ కత్తెరకు చిక్కు ముడి యొక్కటియు లేదు. పైగా వియన్నాలో కొలిచినది పాత్రలోని కొద్దిపాటి పొడి. దానినిబట్టి ఆవు ప్లాస్టిక్కును అరిగించుకొనగలదని తలచుట ఘోరమైన పొరపాటు.

పెట్‌నే ఆహారముగా గొని బ్రతుకగల జీవి దొరకినది జపానులో. ఒసాకా ప్రాంతమున సకాయి అను నగరము కలదు. అక్కడ వాడిన పెట్ సీసాలను మఱల పనికి తెచ్చు స్థలమొకటి యున్నది. ఏండ్ల తరబడి సీసా తునుకలు పడి నలిగిన ఆ నేలలో, ఆ తునుకలకు అలవాటుపడిన జీవులు ఉండవచ్చునని క్యోటో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన కోహెయ్ ఓదా, ఆయన సహచరులు తలచిరి. మట్టి, ఒండ్రు, మురికినీరు, బురద మొదలైనవి 250 నమూనాలు సేకరించిరి. పలుచని పెట్ పొరయే ముఖ్యాహారముగా నుండునట్లు ఒక్కొక్క నమూనాను పెంచి చూచిరి. ఒక నమూనాలో పొరపై సూక్ష్మజీవుల గుంపు చేరి, దానిని తూట్లు పొడిచి చెఱచివేయుట కనబడెను. ఆ గుంపులోనుండి అసలు పని చేయుచున్న బాక్టీరియాను వేఱుచేసి, దొరకిన నగరము పేరు కలిసివచ్చునట్లు 'ఇడియొనెల్లా సకైయెన్సిస్' అని నామకరణము చేసిరి. షోసుకె యోషిదా మొదలుగాగల ఆ బృందము ఈ వార్తను 2016 మార్చి నెలలో 'సైన్స్' పత్రికలో ప్రకటించెను.

ఆ బాక్టీరియా పని తీరు గమనింపదగినది. పెట్ దండ బాక్టీరియా దేహములో దూరజాలనంత పెద్దది. కనుక అది తన కత్తెరను బయటికి పంపును. పెటేసు అను ఈ మొదటి ఎంజైము దండను చిన్న తునుకలుగా కోయును. ఆ తునుకలను మెటేసు అను రెండవ ఎంజైము మఱల రెండుగా విడగొట్టును. అప్పుడు టెరెఫ్తాలికామ్లము, ఇథిలీన్ గ్లైకాలు అను రెండు పదార్థములు మిగులును. పెట్ తయారుచేయుటకు కర్మాగారమున మొదట కలుపు ముడిసరుకులు ఈ రెండే. దండ విప్పగా మఱల విడిపువ్వులే చేతికి వచ్చినట్లయినది. బాక్టీరియా ఆ పువ్వులను తనలోనికి తీసికొని, కొంత దేహపుష్టికి వినియోగించి, మిగిలినదానిని బొగ్గుపులుసు గాలిగాను నీరుగాను మార్చివేయును. 30 డిగ్రీల వేడిమిలో, అనగా మన వేసవి రాత్రుల వేడిమిలో, పలుచని పెట్ పొర సుమారు ఆఱు వారములలో దాదాపు పూర్తిగా అంతరించెను.

సూక్ష్మజీవులు ఇట్టి క్రొత్త ఆహారమునకు అలవాటుపడుట ఇదియే మొదటిసారి కాదు. 1975లో జపాను శాస్త్రజ్ఞులే నైలాను కర్మాగారపు మురికినీరు చేరు కుంటలో ఒక బాక్టీరియాను కనుగొనిరి. నైలాను తయారగునపుడు మిగిలిపోవు చిన్న తునుకలను అది ఆహారముగా గ్రహించెను. నైలాను పుట్టి అప్పటికి నలువది సంవత్సరములే. అయితే అది నైలాను చీరను తినునది కాదు. తునుకలను మాత్రమే తినును. ఇట్టి వార్తలు చదువునపుడు ఈ తారతమ్యమును మఱువరాదు.

సకాయి బాక్టీరియా విషయమునను ఇట్టి తారతమ్య మొకటి కలదు. ప్రయోగమున వాడిన పొరలో పెట్ దండలు చిందరవందరగా పడియున్నవి. సీసాను తయారుచేయునపుడు పెట్‌ను సాగదీసి ఊదుదురు. అందుచే దండలు ఒకదానిప్రక్క నొకటి చక్కగా ఒరసికొని పేర్చినట్లు బిగిసిపోవును. సీసాకు బలమును, స్వచ్ఛతయు దానివలననే వచ్చును. అట్లు బిగిసిన దండల నడుమ కత్తెర దూరుట బహు కష్టము. కావున మీ వీధి కాలువలోని సీసాపై ఈ బాక్టీరియాను పోసి ఆఱు వారములు కనిపెట్టుకొని యున్నను సీసా సీసాగానే యుండును.

ఈ కష్టమును దాటుటకు మార్గము మఱొక కత్తెరనుండి లభించెను. సకాయి వార్తకు నాలుగేండ్లు ముందు, 2012లో ఒసాకా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఎక్స్‌పో పార్కు అను ఉద్యానవనములో ఆకులు, కొమ్మలు ప్రోగుచేసి మాగబెట్టిన ఎరువుకుప్పను పరీక్షించిరి. అందలి సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పెంచక, కుప్పలోని వంశలక్షణ పదార్థమును, అనగా డి.ఎన్.ఏ.ను నేరుగా తీసి, ఉపయోగపడు ఎంజైముల కొఱకు వెదకిరి. ఆకు పొరను కోయు క్యూటినేసు ఒకటి దొరకెను. అది పెట్‌ను సైతము కోసెను. మన రైతులు పెంటకుప్పలో చేయి పెట్టి లోపలి వేడిమిని ఎఱుగుదురు. అట్టి వేడి కుప్పలో పుట్టినది గనుక ఈ ఎంజైము వేడికి త్వరగా చెడదు.

వేడికి ఓర్చుట యేల ముఖ్యమన, సుమారు 70 డిగ్రీల వేడిమి వద్ద పెట్ దండలు సడలి, కదలాడ నారంభించును. బిగిసిన త్రాటిముడిని విప్పుటకు ముందు దానిని వదులుచేసినట్లే గదా! ఫ్రాన్సు దేశములో టులూజ్ నగరపు శాస్త్రజ్ఞులు ఒక కంపెనీతో కలిసి ఆ ఎంజైమును మఱింత దృఢముగా మార్చిరి. ప్లాస్టిక్కును ముందుగా కరిగించి, చప్పున చల్లార్చి, పొడిచేసి, 72 డిగ్రీల వేడినీటిలో ఈ ఎంజైముతో కలిపిరి. పది గంటలలో నూటికి 90 వంతులు విడిపోయెను. వచ్చిన ముడిసరుకుతో మఱల క్రొత్త సీసాలను చేసి చూపిరి. 2020 ఏప్రిల్ నెలలో ఈ ఫలితము 'నేచర్' పత్రికలో ప్రకటితమైనది. 2022లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయమువారు సకాయి ఎంజైమునే సవరించి, 50 డిగ్రీల వేడిమిలో పనిచేయునట్లు చేసిరి. అంగడిలో దొరకు 51 రకముల పెట్ డబ్బాల తునుకలను అది వారము లోపల విడగొట్టెను.

ఇవి సామాన్యమైన విజయములు కావు. ప్లాస్టిక్కును కరిగించి మఱల పోసినపుడు సాధారణముగా సరుకు నాణ్యము తగ్గుచుండును. దండను విప్పి పువ్వులను వేఱుచేసినచో, మఱల కట్టు దండ క్రొత్త దండయే యగును. పాత సీసానుండి క్రొత్త సీసా పుట్టుచున్నపుడు భూమినుండి తోడవలసిన ముడినూనెయు ఆ మేరకు తగ్గును. అయితే పది గంటలలో పని జరిగినది వీధిలో కాదు. వేడిమిని, ఆమ్లమును అనుక్షణము అదుపులో పెట్టిన పాత్రలో. అందులోనికి వెళ్ళినది ఏఱి, కడిగి, పొడిచేసిన పెట్. ఎంజైము పనిచేయుచున్నకొలది ఆమ్లము పుట్టును. దానికి విఱుగుడుగా క్షారమును పోయుచుండవలెను. పాలిథీన్ సంచి, పెరుగు డబ్బా, చాక్లెట్టు కాగితము అందులో వేసినచో వానిని ఆ ఎంజైము ముట్టదు. కనుక ఈ విద్య మనకు ఉపకరింపవలెనన్న మొట్టమొదటి మెట్టు మన యింటి గడపవద్దనే యున్నది. ఏఱి వేఱుచేయు చేయి లేనిచో ఎంజైమునకు పని లేదు.

మఱి పాలిథీన్ సంగతి యేమి? 2015లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు పిండిపురుగులు పాలిస్టైరీన్ బెండును తినునని, వాని ప్రేగులలోని బాక్టీరియా అందుకు తోడ్పడునని ప్రకటించిరి. 2017లో ఐరోపా శాస్త్రజ్ఞులు తేనెపట్టును పాడుచేయు మైనపుపురుగు పాలిథీన్ సంచికి తూట్లు చేయుచున్నదని, అది నమలుట మాత్రమే కాదు, రసాయనికముగా మార్చుట కూడ అని తెలిపిరి. ఆ ఋజువు చాలదని వేఱు శాస్త్రజ్ఞులు అదే సంవత్సరము ఆక్షేపించిరి. పురుగు సంచిని కొఱికి తునుకలు చేయుట వేఱు; అణువును విడగొట్టుట వేఱు. పాలిథీన్ చెత్తను పెట్‌వలె గంటలలో విడగొట్టు ఎంజైము నేటివఱకు మన చేతికి రాలేదు.

ఈ భేదమును ఇంటిలోనే గమనింపవచ్చును. డాబాపై పడవేసిన ప్లాస్టిక్కు సంచి రెండు వేసవుల ఎండకు పెళుసై, ముట్టుకొన్న పొడిపొడి యగును. సంచి మాయమైనదని సంతోషింతుము. దండలు కొంత తెగినమాట నిజమే. కాని పొడి పొడిగా నున్నను అది ప్లాస్టిక్కే. గాలికి లేచి, వానకు కొట్టుకొని పోయి చెఱువులో, పొలములో చేరును. కంటికి కనబడకపోవుట వేఱు, లేకపోవుట వేఱు. అట్లే 'మట్టిలో కలియును' అని అచ్చువేసిన కొన్ని సంచులను చూచి పెరటి గుంటలో పాతిపెట్టువారు కలరు. వానిలో పాలిలాక్టికామ్లముతో చేసినవి, పెద్దయెత్తున ఎరువు తయారుచేయు చోట 60 డిగ్రీలకు చేరువగా వేడెక్కిన కుప్పలో త్వరగా విడిపోవును. చల్లని పెరటిమట్టిలో అవి కూడ బహుకాలము నిలిచియుండును.

కొందఱికి దీనికి వ్యతిరేకమైన భయము కలదు. ఇట్టి బాక్టీరియా వ్యాపించినచో ఇంటి నీళ్ళగొట్టము, కరెంటు తీగ తొడుగు, చివరకు మా మాటలు మీకు వినిపించు రేడియో పెట్టె కూడ కుళ్ళిపోవునా అని వారి సందేహము. అట్టి భయమునకు కారణము లేదు. కట్టెను తిను సూక్ష్మజీవులు లోకమున లెక్కకు మిక్కిలిగా నున్నను, తడి తగులని సింహద్వారము నాలుగు తరములు నిలుచుచున్నది గదా! సూక్ష్మజీవి పనిచేయవలెనన్న తడి కావలెను, తగిన వేడిమి కావలెను, తనకు చేతనైన ముడి కావలెను. బేకలైటు అందలి ముడులు వలవలె నలుదిక్కుల అల్లుకొని యుండును. దానికి పెటేసు కత్తెర చాలదు. మీ రేడియోకు ఈ బాక్టీరియావలన ముప్పు లేదు.

ఇక మన అలవాట్ల విషయము. మన పెద్దలు విస్తరాకులో భుజించి, ఆ ఆకును పెరటి గుంటలో పాఱవైచెడివారు. ఆవు వచ్చి తిన్న తినెను. లేకున్న ఆకు ఎరువయ్యెను. దొన్నె, మట్టి ముంత, అరటినార అన్నియు అట్లే మన్నులో కలిసెడివి. కత్తెరలు గల జీవులు వానికోసము అక్కడ సిద్ధముగా నుండెడివి. పాఱవేయుట నాడు తప్పు కాదు. చేయి పాతదే, గుంట పాతదే. చేతిలోని వస్తువు మాత్రము మారినది. అందుచేత పూర్వపు అలవాటు నేడు అపకారమైనది. మన ప్రభుత్వము ఒక్కసారి వాడి పాఱవేయు కొన్ని ప్లాస్టిక్కు వస్తువులను 2022 జూలై 1 నుండి నిషేధించినది. చేతిసంచుల మందము 120 మైక్రానులకు తగ్గరాదని ఆ సంవత్సరము డిసెంబరు 31 నుండి నియమము వచ్చినది. మందమైన సంచిని జనులు దాచి మఱల వాడుదురు, చెత్త ఏఱువారు దానిని విడువరు అని అందలి ఆలోచన. కాని చట్టము వంటయింటిలోనికి వచ్చి సంచి మూతి విప్పజాలదు.

కాబట్టి మా శ్రోతల ప్రశ్నకు మేమిచ్చు సమాధానము ఇది. ప్లాస్టిక్కును జీర్ణించుకొను సూక్ష్మజీవులు ఉన్నవి, అది నిజము. అవి పాలియెస్టరు వంశపు వస్తువులకు నేర్చిన పని, పాలిథీన్ సంచికి ఇంకను నేర్వలేదు, అదియు నిజము. నేర్చిన పనినైనను వీధిలో కాక కర్మాగారమున, మనము వేఱుచేసి పంపిన సరుకుపైననే చేయగలవు. మంచినీళ్ళ సీసాలను ఖాళీచేసి వేఱుగా నుంచుడు. ఈ క్రొత్త విద్య మన ఊరికి వచ్చిననాడు అవి ముడిసరుకగును. అంతవఱకును పాతసామానువాడు వానిని కొనిపోవును. ప్లాస్టిక్కును పెరటిలో కాల్చకుడు. ఆ పొగ మొదట చేరునది మీ పిల్లల ఊపిరితిత్తులకే. అన్నిటికంటె ముఖ్యముగా, మిగిలిన అన్నమును, తొక్కలను సంచిలో పోసి ముడివేయకుడు. విడిగా ఒక పాత్రలో ఉంచి, చెత్తబండికి విడిగానే ఇండు.

రేపు ఉదయము పది గంటలకు మీ వీధి మలుపునకు ఆ ఆవు మఱల వచ్చును. దాని కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిని పాలుగా మార్చుటకు సాయపడును గాని సంచిని ఏమియు చేయజాలవు. ఆ ముడిని విప్పవలసినది మన చేతివ్రేళ్ళే.